ఎర్రగోడకు సున్నం

ఆరేళ్ళుగా నాలో ఒక అబద్ధం ఉంది. దాన్ని బరువు అనాలని చాలాసార్లు అనిపించింది. కాని బరువైతే భుజం మార్చుకోవచ్చు, ఎక్కడో ఒకచోట దించి ఊపిరి పీల్చుకోవచ్చు. ఇది అలాంటిది కాదు. ఇది నన్ను ఏడిపించదు కూడా. విసిగిస్తుంది. అన్నం కలుపుకుంటూ ఉండగా, పాలకొండ బస్సు కోసం నిలబడి ఉండగా, ఎవరో నన్ను చూపించి "మేడంగారు చాలా ఖచ్చితమైన మనిషి" అని మెచ్చుకుంటూ ఉండగా వచ్చి పక్కన కూర్చుంటుంది. ఖచ్చితమైన మనిషి! ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. నా పేరు చెప్పను, నేను పనిచేసిన ఊరి పేరూ చెప్పను, మిగిలినవాళ్ళ పేర్లు మార్చాను. ఇందులో వాళ్ళమీద మర్యాద కొంత ఉంది, నా పిరికితనం ఇంకొంత ఉంది. ఏది ఎంతో తూచడం మొదలుపెడితే ఈ కాగితం ఇక్కడే ఆగిపోతుంది. ఇంతకుముందు మూడు నాలుగుసార్లు అలాగే ఆగిపోయింది.

నేను ఆరోగ్యశాఖలో పర్యవేక్షకురాలిని. పుట్టింది రాజాం దగ్గర వరి పండించే ఇంట్లో. తేదీలు, లెక్కలు రాసుకోవడం మా నాన్న నుంచి వచ్చిన అలవాటు. ఏ రోజు వాన పడింది, ఏ రోజు ఏ బస్సు ఆలస్యమైంది, అన్నీ రాస్తాను. రెండు వేల పదకొండులో నన్ను కొండల అంచున ఉన్న ఒక చిన్న ఆసుపత్రికి వేశారు. పైన ఉన్నవన్నీ సవర గిరిజనుల ఊళ్ళు. వానాకాలంలో నొప్పులు మొదలైతే డోలీ మోసుకొని కిందికి దిగేలోపు ఏదో ఒకటి జరిగిపోయేది. నెలలు నిండిన ఆడవాళ్ళు ముందుగానే వచ్చి ఉండడానికి ఆసుపత్రి ఆవరణలో ఒక గది కట్టించారు. మంచాలు వేశారు, ఫ్యాను పెట్టారు, భోజనం ఏర్పాటు చేశారు. ఒక్కరంటే ఒక్కరూ రాలేదు.

పై అధికారులు ప్రతి సమావేశంలోనూ అదే అడిగేవారు. గది ఎందుకు ఖాళీగా ఉంది? నాకేం తెలుసు? నేను వెళ్ళి బతిమాలాను, బెదిరించాను, ఫొటోలు చూపించాను. వాళ్ళు నవ్వి, జీలుగు కల్లు పోసి, వస్తామని చెప్పి, రాలేదు. చివరికి మా అటెండరు సింహాచలం అన్నాడు:

"మేడం, మీరెన్నిసార్లు ఎల్లినా అంతే. సోంబారి సెప్తే వస్తారు. అది సెప్పాలి మరి."

సోంబారి ఆ కొండమీద మంత్రసాని. గోడలమీద బొమ్మలు వేసేదీ ఆవిడే. ఈ రెండూ వేర్వేరు పనులని నేను అనుకున్నాను, వాళ్ళు అనుకోరు. కాన్పు చేసే చెయ్యే ఇంటి లోపలి గోడకు ఎర్రమట్టి అలికి, నానబెట్టి రుబ్బిన బియ్యపు పిండిలో నమిలిన పుల్ల ముంచి, బొమ్మ వేయాలి. ఒక చతురస్రం, దాని లోపల మనుషులు, జీలుగు చెట్లు, నెమళ్ళు, సూర్యుడు, చంద్రుడు. పోయిన పెద్దలు ఆ ఇంట్లోకి వచ్చి కూర్చొని, పుట్టబోయేవాళ్ళకు కాపలా కాస్తారని నమ్మకం.

ఆమె అణకువగల మనిషి కాదు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే జాలిపడడానికి వీలుగా ఆమెను చిన్నదిగా చేసి చెప్పడం నాకు తేలిక. పెద్ద గొంతు, పెద్ద నవ్వు, తన పనిమీద మోయలేనంత గర్వం. ఆసుపత్రికి వచ్చి, గదంతా కలియతిరిగి, మంచంమీద కూర్చొని ఊగి చూసి, నాతో ఇలా అంది:

"నర్సమ్మా, ఈ తెల్లగోడల మద్దిన పడుకుంటే మా ఆడగుంటలకి నొప్పులు రావు. భయం వస్తాది. ఎనక గోడ నాకిచ్చీ."

ఇచ్చాను. ఆమె మూడు రోజులు కూర్చొని వేసింది. మధ్యలో నన్ను పిలిచి చూపించేది. మెచ్చుకోకపోతే ఊరుకునేది కాదు.

"ఏనుగు ఎలాగుంది?"

"ఏనుగులా లేదు," అన్నాను.

"నువ్వు ఏనుగుని సూసినావేటి? నాను సూసినాను. అది తరిమితే పరిగెట్టినాను. అంత దగ్గిరగా సూసినోలు ఇలాగే ఏస్తారు."

గది నిండడం మొదలైంది. ఒక్కొక్క మనిషి వచ్చినప్పుడల్లా సోంబారి దిగివచ్చి ఆ మనిషి కోసం గోడమీద ఒక బొమ్మ చేర్చేది. అప్పుడే నాకు ఆ పద్ధతి చెప్పింది. బిడ్డ పుట్టి పేరు పెట్టేదాకా ఆ బొమ్మ ఉండాలి. తరవాత రాలిపోతే రాలిపోనీ, తప్పు లేదు. కాని మధ్యలో చెరపకూడదు. మరొకరెవరూ దానిమీద చెయ్యి వేయరు కాబట్టి, చెరిగిందంటే వేసిన మనిషే చెరిపిందని అర్థం. వేసిన మనిషే చెరిపిందంటే ఆ కాన్పు నుంచి తన చెయ్యి తీసేసిందని అర్థం. ఇక ఆ ఇంటివాళ్ళు ఆమెను పిలవరు. పిలవకూడదు.

విన్నాను. అర్థమైంది. నాకు తెలియక జరిగిందని చెప్పుకొనే దారి, మీరు చూస్తున్నారు కదా, అక్కడే మూసుకుపోయింది.

ఇప్పుడు నా విసుగు గురించి చెప్పాలి. గది నిండినందుకు సమావేశంలో నన్ను మెచ్చుకున్నారు, నేను మెప్పు తీసుకున్నాను, సోంబారి పేరు ఎత్తలేదు. అది చిన్న తప్పు, దాన్ని పక్కన పెట్టండి. నన్ను నిజంగా వేధించింది ఎర్రమట్టి. దుప్పట్లకు అంటుకునేది. తలగడలకు అంటుకునేది. తెల్లదుప్పటి మీద ఎర్రమరక చూస్తే నాకు ఆ పూటంతా మనసు పాడయ్యేది. ఎన్ని ఉతికించినా పోయేది కాదు. సోంబారికి చెప్తే నవ్వింది. "మట్టే గదా నర్సమ్మా, రగతం కాదు గదా," అంది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఈ గది ఎవరిది, నాదా, ఆమెదా? ఈ ప్రశ్న నేను పైకి అడగలేదు. కాని రోజూ అడుగుతూనే ఉన్నాను.

రెండు వేల పదమూడు ఆషాఢంలో ఒక పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నారని ముందురోజు సాయంత్రం ఫోను వచ్చింది. ఆసుపత్రి గోడలు తెల్లగా ఉండాలన్నది అందరికీ తెలిసిన నియమమే. అప్పుడు గదిలో ఉన్నది మంగి అనే పిల్ల, ఆమె అత్త. మంగికి అదే తొలిచూలు, నెలలు నిండాయి. సోంబారి తన కూతురిని చూడడానికి ఒడిశా వైపు ఊరికి వెళ్ళింది. మర్నాడు పొద్దున్న అత్తాకోడళ్ళు సంతకు వెళ్ళారు. నేను సింహాచలాన్ని పిలిచి సున్నం కలపమన్నాను.

అతను బకెట్టు పట్టుకొని గోడముందు నిలబడ్డాడు.

"మేడం, దానిమీద ఏస్తే ఆళ్ళు ఊరుకోరండి."

"సాయంత్రానికి కొత్త బొమ్మ వేయిద్దాంలే. నువ్వు కానీ."

"ఎవులు ఏస్తారండి? మీరేస్తారా?"

నేను కసిరాను. అతను వేశాడు. ఎర్రరంగు తొందరగా కనబడకుండా పోలేదు. రెండు పూతలు పడ్డాయి. రెండో పూత పడ్డాక కూడా ఏనుగు వీపు సన్నగా కనిపించింది. దానిమీద మూడోది నేనే వేశాను. చీర కుచ్చిళ్ళు దోపుకొని, బ్రష్షు తీసుకొని, నేనే. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అతనితో చేయించానని మనసులో కూడా అతని పేరే రాసుకున్నాను.

మధ్యాహ్నం వాళ్ళు సంత నుంచి వచ్చారు. మంగి గుమ్మంలోనే ఆగిపోయింది. అత్త లోపలికి వచ్చి, గోడమీద చెయ్యి వేసి, తడి చూసుకొని, నావైపు తిరిగింది.

"ఏటిది నర్సమ్మా? ఎవులు సెరిపినారు?"

నిజం చెప్తే ఏమయ్యేది? కోప్పడేవాళ్ళు. కేకలు వేసేవాళ్ళు. మూటలు కట్టుకొని వెళ్ళిపోయేవాళ్ళేమో. అధికారి వచ్చేసరికి గది ఖాళీగా ఉండేది. అప్పటికి నా బుర్రలో ఉన్నది అదొక్కటే. ఖాళీ గది. వాళ్ళను ఎలాగైనా సాయంత్రందాకా కూర్చోబెట్టాలి. సోంబారి పేరు చెప్తే వాళ్ళు ఎదురు మాట్లాడరని నాకు తెలుసు.

"సోంబారే చెరపమంది. కొత్తది వేస్తానంది," అన్నాను.

"దాని నోటితోనే అన్నాదా?"

"దాని నోటితోనే."

ఆ ముసలామె కోడలి చెయ్యి పట్టుకొని మంచంమీద కూర్చోబెట్టింది. కేకలు లేవు, గొడవ లేదు. నా ఉపాయం పనిచేసిందని నాకు సంతోషం కలిగింది. అవును, సంతోషమే. అధికారి వచ్చారు. ఆ గది గుమ్మంలో నిలబడి ఫోనులో మాట్లాడుతూ లోపలికి ఒకసారి తల ఊపి, టీ తాగకుండానే వెళ్ళిపోయారు. గోడలవైపు చూశారో లేదో కూడా నేను చెప్పలేను. ఆ రోజు నేను రాసుకున్నది: వాన లేదు, తనిఖీ సజావుగా ముగిసింది.

జీపు దుమ్ము అణగక ముందే అత్తాకోడళ్ళు మూట కట్టుకొని బయలుదేరారు. కిటికీలోంచి చూశాను. ఆపాలి. ఆపితే మళ్ళీ మాట్లాడాలి, మాట్లాడితే ఆ గోడ దగ్గరికే రావాలి. రేపు జీపు పంపించి తీసుకురావచ్చులే అనుకున్నాను. నొప్పులు రావడానికి ఇంకా వారం ఉందని నా లెక్క. నా లెక్క!

మర్నాటి రాత్రి మంగికి నొప్పులు వచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. సోంబారి ఆ పొద్దుటే కూతురి ఊరి నుంచి తిరిగివచ్చింది. వాళ్ళ ఇల్లు కేక వేస్తే వినిపించేంత దూరం. పిలవలేదు. చెయ్యి తీసేసిన మనిషిని పిలవకూడదు కదా. అరుపులు విని ఆమె తనంతట తానే వెళ్ళిందట. మంగి అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడిందట. "గోడ మీద సెయ్యి తీసీసినావు, గుంట మీద సెయ్యి ఎలాగేస్తావు?" అందట. సోంబారికి ఏం జరిగిందో అర్థం కాలేదు. తెల్లవారాక డోలీ కట్టి దించారు. దారిలోనే బిడ్డ పోయింది. మంగి బతికింది.

సోంబారిని లోపలికి రానిచ్చి ఉంటే బిడ్డ బతికేదా? తెలియదు. ఆమె చేతుల్లోనూ బిడ్డలు పోయారు; అడ్డం తిరిగిన బిడ్డను ఆమె ఒకసారి సరిచేసింది, ఒకసారి చేయలేకపోయింది. ఈ వాదన నాకు ఎంత ఉపయోగపడిందో చెప్పలేను. ఏళ్ళ తరబడి దీనిమీదే పడుకొని నిద్రపోయాను. సున్నం వల్ల బిడ్డ చనిపోదు, అది శాస్త్రం. నిజమే, చనిపోదు. కాని గోడ నేనే చెరిపానని చెప్పి ఉంటే వాళ్ళు నన్ను తిట్టి కొండెక్కేవాళ్ళు, నొప్పులు వచ్చినప్పుడు సోంబారిని పిలిచేవాళ్ళు. ఆమె వచ్చి, చెయ్యి వేసి చూసి, తన వల్ల కాదనుకుంటే రాత్రే దించమని చెప్పేది. ఇది కూడా శాస్త్రమే. దీన్ని మాత్రం నేను ఎప్పుడూ పూర్తిగా ఆలోచించలేదు.

తరవాతి సమావేశంలో కారణం అడిగారు. "వాళ్ళ నమ్మకాలండీ, ఏం చేస్తాం," అన్నాను. అందరూ తలలు ఊపారు. ఎంత సులువుగా ఊపారో!

వారం తిరక్కుండా సోంబారి నా దగ్గరికి వచ్చింది. కూర్చోలేదు. గోడవైపు చూస్తూ అడిగింది.

"నర్సమ్మా, దీన్ని ఎవులు సెరిపినారు?"

"నాకు తెలియదు. నేను ఆ రోజు పనిలో ఉన్నాను."

"నానే సెరపమన్నానంట?"

"ఎవరన్నారో వాళ్ళనే అడుగు."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. లేదు. నేను ఏదో చెప్తానని వేచి ఉన్నట్టు ఉంది. నేను కాగితాలు సర్దుకున్నాను. ఆమె వెళ్ళిపోయింది.

ఆ ఊళ్ళో ఆ తరవాత ఎవరూ సోంబారిని కాన్పుకు పిలవలేదు. పక్క ఊళ్ళవాళ్ళు కూడా ఒక్కరొక్కరుగా మానేశారు. తన ఇంటి గోడ ఒక్కటే ఆమెకు మిగిలింది. గది మళ్ళీ ఖాళీ అయింది. తెల్లగా, శుభ్రంగా, ఒక్క మరక లేకుండా. తరవాతి ఏడు నేను బదిలీ అడిగి శ్రీకాకుళం వచ్చేశాను. అరసవల్లిలో ఇల్లు తీసుకున్నాను.

ఇక్కడితో ఆగిపోతే నేను ఈ కాగితం పట్టుకునేదాన్ని కాను. పోయిన శీతాకాలం శ్రీకాకుళంలో హస్తకళల ప్రదర్శన పెట్టారు. నేను గాజులు చూసుకుంటూ నడుస్తున్నాను. ఒక దుకాణంలో ఎర్రగుడ్డల మీద తెల్లబొమ్మలు వేలాడుతున్నాయి. కింద చాపమీద సోంబారి. జుట్టు సగం నెరిసింది. గొంతు మాత్రం అదే. ఎవరో కళ్ళద్దాల ఆయన బొమ్మకు అర్థం చెప్పమని పట్టుబడుతున్నాడు.

"బాబూ, బొమ్మ కొంటావా, అర్దం కొంటావా? రెండూ కొంటే సంచి సరిపోదు," అంటోంది.

పక్కన ఒక బోర్డు పెట్టారు: గోడ నుంచి గుడ్డ మీదికి వచ్చిన కళ. నేను ఆ బోర్డు ముందు నిలబడిపోయాను. గోడ నుంచి అది తనంతట తాను రాలేదయ్యా అని అరవాలనిపించింది. ఈమెకు గోడ ఇచ్చేవాళ్ళు లేకుండా పోయారు కాబట్టి వచ్చింది. ఎవరి వల్ల పోయారో అడగండి. అడగరు. మెచ్చుకుంటారు, బేరమాడతారు, వెళ్ళిపోతారు. వాళ్ళమీద కోపం తెచ్చుకోవడం ఎంత హాయిగా ఉందో ఆ క్షణంలో గమనించుకున్నాను. అప్పుడు సిగ్గేసింది. వెళ్ళి ఆమె ఎదురుగా చాపమీద కూర్చున్నాను. గుర్తుపట్టింది. బాగున్నావా అని అడిగింది. నేను బాగోగులు చెప్పలేదు. ఆ మాట చెప్పేశాను. గోడ చెరిపింది నేను, నీ పేరు చెప్పింది నేను.

ఆమె బియ్యపు పిండి ముంచిన పుల్లను గిన్నె అంచుకు రాసి, మిగులు పిండి కార్చింది.

"తెల్సు," అంది. "సింహాచలం ఆ యేడే సెప్పీసినాడు. తాగితే ఆడు నిజమే సెప్తాడు."

"తెలిసీ ఎందుకు ఊరుకున్నావు? ఊళ్ళో చెప్పలేకపోయావా?"

"నాను సెప్తే ఎవులు నమ్ముతారే తల్లీ? అదే సెరిపి నర్సమ్మ మీదకి నెడతంది అంటారు. నువ్వన్న మాట, నీ నోరే తియ్యాల. వస్తావు గావాల అని సూసినాను. ఒక యేడు సూసినాను. రెండేళ్ళు సూసినాను. తరవాత నాకూ పనులున్నాయి."

నేను ఏడుస్తానేమోనని ఆమెకు అనుమానం వచ్చినట్టుంది.

"ఇక్కడ ఏడవకు. గుడ్డలు తడుస్తాయి. నాకు సెప్పి ఏటి లాభం? నాకు తెలీందా? మంగికి సెప్పు."

అంతే. మళ్ళీ కళ్ళద్దాల ఆయనతో బేరంలో పడింది. నేను లేచి వచ్చేశాను. క్షమించమని అడగడానికి కూడా చోటు ఇవ్వలేదని దారిపొడుగునా ఆమెమీద కోపం వచ్చింది. చూడండి, ఇంకా కోపమే! ఆరేళ్ళు దాచుకొని ఒప్పుకున్న మాటకు కాస్త విలువ ఉంటుందని ఎదురుచూశాను. తనకు తెలిసిన మాటనే తన ముందు పెట్టి, దానికి బదులు ఏదో తీసుకుపోదామని వెళ్ళానన్నమాట.

మంగి దగ్గరికి వెంటనే వెళ్ళానని అనుకోకండి. రెండుసార్లు బయలుదేరి పాలకొండలో దిగి వెనక్కి వచ్చాను. ఒకసారి తలనొప్పి. ఒకసారి వాన పడేలా ఉంది. ఇవి కూడా రాసుకున్నాను, ఖచ్చితంగా. మూడోసారి, మొన్న ఫాల్గుణంలో, కొండెక్కాను.

మంగి ఇంటిముందు చింతపండు రాశి పోసుకొని గింజలు తీస్తోంది. పక్కన రెండేళ్ళ ఆడపిల్ల పిక్కలతో ఆడుకుంటోంది. అత్త పోయిందట. మొగుడు పనికి వెళ్ళాడు. చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళు ముగ్గురు నలుగురు నన్ను చూసి దగ్గరికి వచ్చారు. రాకపోతే బాగుండుననుకున్నాను, వచ్చినందుకు మంచిదే అయిందనీ అనుకున్నాను. నిలబడే చెప్పాను. ఎండ గురించో, దారి గురించో మాటలతో మొదలుపెట్టలేదు. సున్నం వేయించాను, మూడో పూత నేనే వేశాను, మీ అత్త అడిగితే సోంబారి పేరు చెప్పాను, సోంబారి వచ్చి అడిగితే తెలియదన్నాను. చెప్తున్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఒక ముసలామె ఉమ్మేసి వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు మంగి ముఖంలోకి చూస్తున్నారు.

మంగి తల ఎత్తలేదు. చేతిలో ఉన్న చింతపండు గింజ తీసి, పిల్ల వైపు వేసి, అప్పుడు అడిగింది.

"అయితే, పిలిస్తే వచ్చీదా?"

ఎవరి గురించో చెప్పనక్కరలేదు. నా దగ్గర చాలా జవాబులు ఉన్నాయి. వచ్చినా లాభం ఉండేదో లేదో చెప్పలేం. అడ్డం తిరిగిన బిడ్డ కష్టం. ఆసుపత్రిలోనే ఉండిపోయి ఉంటే బాగుండేది. అన్నీ నాలుక చివరికి వచ్చాయి. అన్నీ నిజాలే.

"వచ్చేది," అన్నాను. "పిలవకపోయినా వచ్చింది."

ఆమె మళ్ళీ చింతపండు అందుకుంది. నన్ను కూర్చోమనలేదు, వెళ్ళమనలేదు. కాసేపు నిలబడి, దిగి వచ్చేశాను. ఆ రోజు తరవాత సోంబారి గడపకు ఎవరైనా వెళ్ళారో లేదో నాకు తెలియదు. తెలుసుకునే అర్హత నాకు లేదు. నాకు దక్కిందల్లా ఒక్కటే. ఆ ఒక్క ప్రశ్నకు దేన్నీ పక్కన కలపకుండా జవాబు చెప్పాను.